రెండో స్క్రీన్ ఆరిపోతోంది, ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు

ఈసారి ఉత్తరం ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి. పేరు వద్దన్నారు, పెట్టట్లేదు. చాలా పెద్ద ఉత్తరం, అందుకని ముఖ్యమైనదంతా నా మాటల్లో చెప్తాను, అక్కడక్కడ ఆమె మాటలే ఉంచుతాను.

ఆమెకి 31 ఏళ్ళు, నాలుగేళ్ళ పాప ఉంది. పెళ్ళికి ముందు విశాఖలో హాస్టల్లో ఉండి మెడికల్ కోడింగ్ చేసేవారు, పాప పుట్టాక కంపెనీ ఇంటి నుంచి చెయ్యడానికి ఒప్పుకుంది. అమెరికా పేషెంట్ల చార్టులు చదివి జబ్బుకీ వైద్యానికీ కోడ్లు వెయ్యాలి, చార్టు ఒక స్క్రీన్ మీద, కోడ్లు వెతుక్కునేది ఇంకోదాని మీద, రూల్సు మూడోదాని మీద తెరిచి ఉంటేనే పని సాగుతుందట. అందుకని ఈఎంఐ మీద 15.6 అంగుళాల పోర్టబుల్ మానిటర్లు రెండు కొని, లాప్‌టాప్‌కి అటొకటి ఇటొకటి పెట్టుకున్నారు. ఎడమదానికి సీ టైప్ వైరు ఒక్కటే, బొమ్మా కరెంటూ రెండూ అందులోనే వెళ్తాయి. కుడిదానికి బొమ్మ హెచ్‌డీఎంఐ నుంచి వస్తుంది, కరెంటు మాత్రం లాప్‌టాప్ పోర్టు ఒక్కదాన్నే చాలావాటికి పంచే చిన్న యూఎస్‌బీ హబ్ నుంచి. అదే హబ్‌లో కీబోర్డు, మౌసు, హెడ్‌సెట్. టేబుల్ దగ్గర సరిగ్గా అందట్లేదని హబ్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య రెండు మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు వేశారు.

"పగలు పర్లేదు సార్, సాయంత్రం ఏడు దాటిందంటే కుడి స్క్రీన్ మిణుకుమిణుకుమంటాది, ఆరిపోతాది, మళ్ళీ వస్తాది. ఒక్కోసారి దాంతోపాటే కీబోర్డు ఆగిపోతాది, హెడ్‌సెట్‌లో మాట తెగిపోతాది, టీమ్ లీడ్ హలో హలో అంటూ ఉంటారు. పోర్టులో పవర్ ఏదో ఎక్కువైందని మెసేజ్ కూడా వచ్చింది. ఇంకోటేటంటే చార్జర్ పెట్టే ఉన్నా లాప్‌టాప్ బ్యాటరీ దిగిపోతంది. లాప్‌టాప్ మీద చెయ్యి ఆనిస్తే చిమచిమలాడతాది."

ఇక ఇంట్లో సంగతి. మావయ్యగారు రిటైరయ్యారు, తిత్లీ తుఫాను తర్వాత ఆయన డబ్బుతో పెట్టించిన ఇన్వర్టర్ ఇప్పుడు గంటకే పడుకుంటోంది, అది ఈ "టీవీల" వల్లే అంటున్నారు. పాతపట్నం నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ వోల్టేజీ బాగాలేదు స్టెబిలైజర్ పెట్టాలన్నాడు, ఎర్తింగ్ కూడా లేదన్నాడు. కంపెనీ ఐటీవాళ్ళు సొంత మానిటర్లకి మాకు సంబంధం లేదన్నారు. ఈ నెల క్వాలిటీ స్కోరు 95 శాతం కిందికి పోయింది. భర్త మాత్రం, ఈ బాధ ఎందుకు, మానిటర్లు అమ్మేసి విశాఖ వెళ్ళి ఆఫీసులోనే చేసుకో, పాపని అమ్మ చూసుకుంటుంది అంటున్నారు. "మానిటర్లు పాడైపోయినవి అంటగట్టారా సార్, స్టెబిలైజర్ కొనమంటారా, లేకపోతే పాపని వదిలి వెళ్ళిపోమంటారా" అని అడిగారు. చివర్లో, ఒడియా మీడియంలో చదివాను, తెలుగు తప్పులుంటే క్షమించండి అని రాశారు.

అమ్మా, ముందు ఆ చివరి మాట. మీరు రాసినట్టే రాయండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది, మనం మాట్లాడే తెలుగునే రాయాలని అంత పోరాడినాయన, ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ ఊళ్ళో ఉండి మాట్లాడినట్టు రాసినందుకు క్షమించమనడం అక్కర్లేదు. మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా నాకు అర్థం కాకుండా లేదు.

రెండోది కాస్త గట్టిగా చెప్పాలి. మీరు పంపిన ఫొటోల్లో ఒకదాంట్లో స్క్రీన్ మీద చార్టు తెరిచి ఉంది, పేషెంటు పేరూ పుట్టిన తేదీ చదవడానికి వీలుగా ఉన్నాయి. అది నేను వెంటనే చెరిపేశాను, మీ ఫోన్లోంచి, గ్యాలరీ బ్యాకప్‌లోంచి కూడా చెరిపేయండి. అమెరికాలో రోగుల వివరాల కోసం 1996 నుంచీ హిపా అని చట్టం ఉంది, మీ కంపెనీ మీతో సంతకం పెట్టించుకునే ఉంటుంది. స్క్రీన్ ఆరిపోవడం వల్ల ఉద్యోగం పోదు గానీ దీనివల్ల పోవచ్చు. రిపేరుకి ఎవరు ఇంటికొచ్చినా ముందు చార్టు మూసేసి అప్పుడు పిలవండి.

ఇప్పుడు అసలు విషయం. మీరు దీన్ని ఒక్కటే సమస్య అనుకుంటున్నారు, ఇంట్లో అందరూ కూడా అలాగే అనుకుని తలా ఒక కారణం చెప్తున్నారు. నాకు మాత్రం ఇందులో నాలుగు వేరువేరు సంగతులు కనిపిస్తున్నాయి, ఒకేసారి జరుగుతున్నాయి కాబట్టి చిక్కుపడిపోయాయి, విడదీస్తే ఒక్కొక్కటీ చిన్నదే.

మొదటిది కుడి స్క్రీన్. మీరు పంపిన స్టిక్కర్ ఫొటో మీద 5 వోల్టులు 2 ఆంపులు అని ఉంది, అంటే గట్టిగా వాడితే 10 వాట్లు అడుగుతుంది. లాప్‌టాప్‌కి ఉన్న మామూలు వెడల్పు యూఎస్‌బీ పోర్టు, నీలం రంగుది అంటే 3.0ది అయితే, నియమం ప్రకారం ఇచ్చేది 0.9 ఆంపు, అంటే 4.5 వాట్లు. పాత 2.0ది అయితే అర ఆంపే, 2.5 వాట్లు. కొన్ని లాప్‌టాపులు అంతకన్నా ఎక్కువే ఇస్తాయి గానీ దాన్ని నమ్ముకోకూడదు. మీ హబ్‌కి సొంత అడాప్టర్ లేదు కదా, కాబట్టి అది కొత్తగా కరెంటు ఏమీ తీసుకురాదు, ఆ ఒక్క పోర్టులో వచ్చేదాన్నే నలుగురికి పంచుతుంది. బిందెడు నీళ్ళకి నాలుగు కుళాయిలు బిగించినట్టు. అందులోంచే మానిటర్, కీబోర్డు, మౌసు, హెడ్‌సెట్, అన్నీ తాగాలి.

దానికితోడు ఆ రెండు మీటర్ల వైరు. దాన్ని ఎవరూ అనుమానించరు, నేను ఎక్కువగా దాన్నే అనుమానిస్తాను. చౌక ఎక్స్‌టెన్షన్ వైర్లలో లోపల రాగి తీగ 28 గేజి, అంటే వెంట్రుకల్లా సన్నంగా ఉండొచ్చు. అలాంటి తీగకి మీటరుకి 0.2 ఓముల పైన నిరోధం ఉంటుంది, కరెంటు వెళ్ళి మళ్ళీ తిరిగి రావాలి కాబట్టి రెండు మీటర్ల వైరంటే నాలుగు మీటర్ల తీగ, మొత్తం సుమారు 0.85 ఓములు. 0.9 ఆంపు లాగితే దారిలోనే ముప్పావు వోల్టు పోతుంది, లాప్‌టాప్ దగ్గర 5 వోల్టులు బయల్దేరితే హబ్ దగ్గరికి చేరేది 4.2. అదే 24 గేజి మందపాటి వైరైతే పోయేది 0.3 వోల్టు మాత్రమే. మానిటర్ పాపం చెడిపోయి మిణుకుమనట్లేదు, దానికి చాలినంత అందట్లేదు, ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి అంతే.

ఇది ఊరికే ఊహ కాదు, మీ ఉత్తరంలోనే రుజువు ఉంది, స్క్రీన్‌తో పాటే కీబోర్డూ హెడ్‌సెట్టూ ఆగిపోతున్నాయని రాశారు. మానిటర్ ఒక్కటే చెడితే కీబోర్డుకి ఏమవుతుంది? ముగ్గురూ ఒకేసారి పడిపోతున్నారంటే ముగ్గురికీ అన్నం పెట్టే చోటే గొడవ ఉంది, అది హబ్. పవర్ ఎక్కువైందని మెసేజ్ కూడా అదే చెప్తోంది, బయటి కరెంటు పొంగిందని కాదు, ఆ పోర్టు నుంచి ఇవ్వగలిగినదానికన్నా ఎక్కువ లాగుతున్నారని లాప్‌టాప్ మొత్తుకుంటోంది.

మరి సాయంత్రమే ఎందుకు? ఊళ్ళో సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది, ట్యూబులైటు డల్ అవుతుంది, అందుకే స్క్రీన్ ఆరుతోంది అని మీరూ ఎలక్ట్రీషియనూ అనుకున్నారు. వోల్టేజీ పడిపోవడం నిజమే కావచ్చు. కానీ లాప్‌టాప్ చార్జర్ మీద ఇన్‌పుట్ అని రాసిన చోట చూడండి, 100 నుంచి 240 అని ఉంటుంది. 230 ఉండాల్సిన చోట 170 వచ్చినా అది లోపలికి ఇవ్వాల్సింది సరిగ్గానే ఇస్తుంది. పైగా మీ స్క్రీన్లు రెండూ గోడ మీద ఆధారపడట్లేదు, లాప్‌టాప్ మీద ఆధారపడుతున్నాయి, దానికి సొంత బ్యాటరీ ఉంది. కరెంటు పూర్తిగా పోయినా ఎడమ స్క్రీన్ కదలదని మీరే రాశారు కదా. కాబట్టి ఈ జబ్బుకి స్టెబిలైజర్ మందు కాదు, ఆ డబ్బు దాచుకోండి. సాయంత్రం సంగతి నేను ఉత్తరం మధ్యలో ఒక వాక్యంలో పట్టుకున్నాను, పాప పగలంతా ఫోన్లో కార్టూన్లు చూస్తుందనీ, సాయంత్రం ఫోన్ లాక్కుని "పక్కనే ఉంటాది కదాని హబ్‌కే చార్జింగ్ పెడతాను" అనీ రాశారు. ఫోన్ ఒక్కటే అర ఆంపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ లాగుతుంది. చాలీచాలని బిందెకి ఐదో కుళాయి అది. ఏడు గంటలకి మారేది ఊరి వోల్టేజీ ఒక్కటే కాదమ్మా, మీ హబ్‌లో ఫోన్ కూడా.

రెండో సంగతి, చార్జర్ పెట్టి ఉన్నా బ్యాటరీ దిగిపోవడం. కంపెనీ ఇచ్చిన చార్జర్ పాడైతే మరిది బరంపురం నుంచి వేరేది తెచ్చాడనీ, పాతదాని మీద 65 ఉంటే దీని మీద 45 ఉందనీ రాశారు. లాప్‌టాప్ పని చేస్తున్నప్పుడు తనకే 25, 30 వాట్లు తినొచ్చు, ఎడమ స్క్రీన్‌కి 10 దాకా, హబ్‌కి ఇంకో 4.5, మధ్యలో వేడి కింద పోయేది కొంత, లెక్క 45కి వచ్చేసింది, బ్యాటరీకి ఏం మిగిలింది? పని ఎక్కువైతే బ్యాటరీలోంచే తీసి ఖర్చు పెడుతుంది. ఇక్కడ మీకు కంపెనీ మీద హక్కు ఉంది, సొంత మానిటర్లు మాకు సంబంధం లేదన్నారు సరే, చార్జర్ వాళ్ళది, లాప్‌టాప్ వాళ్ళది. మానిటర్ల ఊసెత్తకుండా, "మీరిచ్చిన 65 వాట్ల చార్జర్ పాడైంది, ఇంకోటి ఇప్పించండి" అని మెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్తే గాలికి పోతుంది, మెయిలే పెట్టండి.

మూడోది ఇన్వర్టర్, అంటే మావయ్యగారి బాధ. దీన్ని కొట్టిపారెయ్యకండి, ఆయన తన డబ్బుతో పెట్టించుకున్న వస్తువు చెడిపోతోందని బాధపడుతున్నారు, అది నిజమైన బాధే. లెక్క మాత్రం ఆయన పక్కన కూర్చుని చూపించండి. బ్యాటరీ 150 ఏహెచ్, అంటే ఆంపియర్-అవర్లు అన్నారు, 12 వోల్టులతో గుణిస్తే కాగితం మీద 1800 వాట్-అవర్లు, చేతికి దొరికేది అంతకన్నా తక్కువే. రెండు మానిటర్లూ ఫుల్లు వెలుగులో పెట్టినా 20 వాట్లు, మామూలు సీలింగ్ ఫ్యాను ఒక్కటే 75 దాకా తింటుంది. నాలుగు గంటలు కరెంటు పోతే మీ స్క్రీన్ల వాటా 80 వాట్-అవర్లు. దానికి ఇన్వర్టర్ గంటకే పడుకోదు. తిత్లీ వచ్చింది 2018 అక్టోబర్లో, ఆ తర్వాత బ్యాటరీ మార్చినట్టు మీరు రాయలేదు, ఇలాంటి నీళ్ళ బ్యాటరీలు నాలుగైదేళ్ళకే నీరసపడతాయి, మీదానికి వయసైపోయింది. డిస్టిల్డ్ వాటర్ లెవెల్ చూడమనండి, టెర్మినల్స్ మీద తెల్లగా పట్టిందేమో చూడమనండి, బ్యాటరీ షాపువాళ్ళు లోడ్ పెట్టి పరీక్ష చేస్తారు, అది చేయించమనండి. మీరు చెప్తే కోడలు వాదిస్తోందనిపించొచ్చు, మీ ఆయన చేత గానీ, ఆ ఎలక్ట్రీషియన్ చేత గానీ చెప్పిస్తే నయం.

నాలుగోది చిమచిమ. ఎర్తింగ్ లేకపోతే అలా అనిపిస్తుంది, మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల కన్వర్టర్లో పెట్టినా అనిపిస్తుంది. స్క్రీన్ ఆరడానికి దీంతో సంబంధం లేదు, కానీ చిన్నపిల్ల ఉన్న ఇల్లు, ఎలక్ట్రీషియన్ ఈ ఒక్క విషయంలో చెప్పింది చెయ్యండి. ఎర్తింగ్ చేయించేదాకా పాపని ఆ టేబుల్ దగ్గరికి రానివ్వకండి.

ఇప్పుడు మానిటర్ మంచిదో చెడ్డదో తేల్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. ముందు రెండు మానిటర్లనీ చోట్లు మార్చండి, కుడిది ఎడమకి, ఎడమది కుడికి, వైర్లు మాత్రం ఎక్కడివి అక్కడే ఉంచి. ఫోన్ కూడా మామూలుగానే హబ్‌కి పెట్టండి. ఇప్పుడు కూడా కుడి పక్కనున్నదే ఆరితే మానిటర్ తప్పు లేదు, ఆ చోటిదే. జబ్బు మానిటర్‌తో పాటు ఎడమకి వచ్చేస్తే అప్పుడు మానిటర్‌ని అనుమానించాలి. తర్వాత కుడిదాని పవర్ వైరు హబ్‌లోంచి తీసి, ఇంట్లో ఏదైనా ఫోన్ చార్జర్, 5 వోల్టులు 2 ఆంపులో అంతకన్నా ఎక్కువో రాసి ఉన్నది, గోడకి పెట్టి దానికి తగిలించండి. ఆంపులు ఎక్కువ ఉన్నాయని భయం అక్కర్లేదు, మానిటర్ తనకి కావలసినంతే తీసుకుంటుంది. అలా రెండు గంటలు నిలకడగా ఉంటే మీ మానిటర్ బంగారం. అప్పటికీ ఆరితే హెచ్‌డీఎంఐ వైరు మార్చి చూడండి, అదీ అయ్యాక కూడా ఆరితే అప్పుడు వారంటీ కాగితం బయటికి తియ్యండి. ఎవరైనా లాప్‌టాప్‌లో డివైస్ మేనేజర్ అనే చోట చూస్తే ఏది ఎంత తింటుందో తెలుస్తుందని చెప్తారు, ఆ యూఎస్‌బీ కరెంటు లెక్క కనిపించినా అందులో కీబోర్డూ మౌసూ ఉంటాయి గానీ మీ కుడి మానిటర్ ఉండదు, అది యూఎస్‌బీలోంచి డేటా ఏమీ లేకుండా కరెంటు ఒక్కటే లాగుతోంది కాబట్టి. అక్కడ లెక్క సరిపోయిందని మోసపోకండి.

ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, రాయగడలో షాపు పెట్టిన కొత్తలో ఒక కుర్రాడు ఇలాగే స్క్రీన్ ఆరిపోతోందని తెస్తే నేను మానిటర్ పోయిందని చెప్పేశాను, అతను సగం ధరకి అమ్మేసుకున్నాడు, నెల తర్వాత కొత్తది కూడా అలాగే ఆరితే అప్పుడు వైరు మార్చి చూశాం, అంతే, సరిపోయింది. అతని డబ్బు నా మాట వల్ల పోయింది. అప్పటి నుంచీ వైరు మార్చకుండా ఎవరి మానిటర్నీ చెడిపోయిందని అనలేదు.

పరీక్ష అయ్యాక ఏం చెయ్యాలనేది మీ చేతిలో ఉంది. పైసా ఖర్చు లేకుండా అంటే, ఫోన్ గోడకి పెట్టి, ఎక్స్‌టెన్షన్ తీసేసి, మానిటర్ని హబ్‌లో కాకుండా లాప్‌టాప్ రెండో పోర్టుకి పొట్టి వైరుతో నేరుగా పెట్టి, బ్రైట్‌నెస్ 30కి దించితే నడిచే అవకాశం ఉంది, మానిటర్ తినే కరెంటులో పెద్ద వాటా వెనకాల లైటుదే. కానీ అంచు మీద నడక, బ్రైట్‌నెస్ ఎవరైనా పెంచగానే మళ్ళీ మొదలు, రోజంతా చిన్న అక్షరాలు చదివే కళ్ళకి పగటి పూట ఆ వెలుగు చాలకపోవచ్చు కూడా.

నేనైతే గోడ చార్జర్ దారినే చూస్తాను. కుడి మానిటర్‌కి సొంత చార్జర్, వీలైతే ఎడమదానికి కూడా, మీ మానిటర్లకి రెండేసి సీ పోర్టులు ఉన్నాయి కదా, రెండోదాంట్లో పవర్ ఇస్తే లాప్‌టాప్ మీద బరువు తగ్గి బ్యాటరీ దిగడం కూడా తగ్గుతుంది. ఇంట్లో పడున్న చార్జర్లతోనే అయిపోవచ్చు. చిక్కు ఒక్కటే, ఇప్పటిదాకా కరెంటు పోయినా స్క్రీన్లు లాప్‌టాప్ బ్యాటరీ మీద బతికేవి, ఇకమీదట గోడని నమ్ముకుంటాయి. కాబట్టి ఆ సాకెట్ ఇన్వర్టర్ లైన్లో ఉండాలి, ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్ అని స్విచ్చు ఉంటే అటు పెట్టాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా స్క్రీన్ ఓసారి ఆరి వెలగొచ్చు. ఆ స్విచ్చు మావయ్యగారిని అడిగే మార్చండి.

సొంత అడాప్టర్ ఉన్న హబ్ కొనడం ఇంకో దారి. అడాప్టర్ మీద 5 వోల్టులు 4 ఆంపులు ఉంటే 20 వాట్లు, కీబోర్డు హెడ్‌సెట్లకి ఇక దిగుల్లేదు. కానీ మానిటర్ పెట్టే పోర్టు ఒక్కటే 2 ఆంపులు ఇస్తుందా అని అడిగి కొనండి, మొత్తం 4 ఉన్నా ఒక్కోదానికి 0.9 దగ్గరే ఆపేసేవి ఉన్నాయి. మరీ చౌకవి కొన్ని కరెంటుని లాప్‌టాప్‌లోకి వెనక్కి తోస్తాయి, కంపెనీ లాప్‌టాప్ కదా, ఆ రిస్కు వద్దు. డాకింగ్ స్టేషన్ అయితే ఒక్క వైరుతో అన్నీ అయిపోతాయి, ఖర్చు మాత్రం బాగా ఎక్కువ, చార్జర్ ఇచ్చే వాట్లలో తన వాటా తను తీసుకుంటుంది, కొన్నింటికి డిస్‌ప్లేలింక్ డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్‌లో ఎక్కించాలి, అది కంపెనీ ఒప్పుకోకుండా చెయ్యకూడదు. మీ స్థితిలో అంత దూరం అక్కర్లేదనుకుంటున్నాను.

ఒక మానిటర్ అమ్మి, మామూలు 24 అంగుళాల పెద్ద మానిటర్ తీసుకోవడం కూడా తప్పేం కాదు. దానికి కరెంటు గోడ నుంచే, యూఎస్‌బీతో పనే లేదు, కళ్ళకీ హాయి. కాకపోతే అమ్మితే నష్టానికే అమ్మాలి, ఈఎంఐ ఇంకా మిగిలే ఉంది, పుట్టింటికి వెళ్ళినప్పుడు సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళడానికి కుదరదు.

విశాఖ సంగతి. వెళ్ళొద్దని నేను అనను, వెళ్ళమనీ అనను, ఆఫీసులో మనుషుల మధ్య పని చెయ్యాలని మీకే ఉంటే, ప్రమోషన్ అక్కడే దొరుకుతుందనుకుంటే అది వేరే లెక్క, మీరూ మీ ఆయనా కూర్చుని మాట్లాడుకోవాల్సింది. కానీ ఉత్తరం మొత్తంలో విశాఖ మీద ఇష్టం ఒక్క చోట కూడా నాకు కనిపించలేదు, పాప గురించి మాత్రం ఏడు చోట్ల రాశారు. ఒక సన్న వైరూ ఒక ఫోన్ చార్జింగూ చూసుకుని నాలుగేళ్ళ పిల్లని వదిలి వెళ్ళే నిర్ణయం తీసుకోకండి. మీ ఆయన కూడా మీరు రోజూ పడుతున్న అవస్థ చూడలేక అంటున్నారేమో, ఆ సాయంత్రం పరీక్షకి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి, చార్జర్ గోడకి పెట్టే పని ఆయన్నే చెయ్యమనండి, స్క్రీన్ నిలబడడం కళ్ళతో చూస్తారు. టీమ్ లీడ్‌కి కూడా ఒక ముక్క రాసి పెట్టండి, ఈ నెల స్కోరు తగ్గడానికి స్క్రీన్ ఆరిపోవడం ఒక కారణం, సరిచేసుకుంటున్నాను, ఫలానా తేదీకల్లా అయిపోతుంది అని.

పరీక్ష అయ్యాక మళ్ళీ రాయండి, చోట్లు మార్చినప్పుడు ఏ పక్కది ఆరిందో, గోడకి పెట్టాక ఎంతసేపు నిలబడిందో చెప్తే చాలు. ఫొటో పంపాలనిపిస్తే చార్టు మూసేసి, ఖాళీ స్క్రీన్ తీసి పంపండి.